రెండు రోజుల బట్టల టూరు: పాత బస్తీనా, పోచంపల్లినా?

కొత్తపేట కోడలు

రాజమండ్రి నుంచి మా స్కూలు స్నేహితులు నలుగురు వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నారు. శుక్ర, శనివారాలు ఇక్కడే ఉంటారు. బిర్యానీ, గోల్కొండ, ఫిల్మ్ సిటీ వద్దని ముందే చెప్పేశారు. బట్టలు చూడాలి, బట్టలు కొనాలి, అంతే. ఒకామెకు బొటిక్ ఉంది. ఇంకొకామె కూతురి పెళ్లి జనవరిలో. మిగతా ఇద్దరూ వాళ్లను చూసి ఉత్సాహపడుతున్నవాళ్లు.

నేను వేసిన ప్లాన్: శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, పురానీ హవేలీ, సాయంత్రం లాడ్ బజార్. శనివారం పొద్దున్నే బయల్దేరి పోచంపల్లి, మగ్గాలు చూసి చీరలు అక్కడే కొనడం.

మా ఆయన అడ్డం పడుతున్నారు. "ఉన్నదే రెండు రోజులు, అందులో ఒకటి ఊరికి పోయి రావడానికా? ఆ చీరలే సిటీ షాపుల్లో కావలసినన్ని ఉన్నాయి. పైగా నలుగురైదుగురు ఆడవాళ్లు ఒకరి ఇంట్లోకి వెళ్లి, వాళ్లు నేస్తుంటే ఫోటోలు తీస్తారా? మన ఇంటికి ఎవరైనా వచ్చి మనం వంట చేస్తుంటే అలా తీస్తే ఊరుకుంటామా?" అంటారు. మగ్గం ఎలా ఆడుతుందో చూడకుండా చీర ధర ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుందని నా వాదన. మొహమాటం లేకుండా చెప్పండి, ఎవరిది తప్పు?

గాజుల వీధి

తప్పొప్పులు తర్వాత వదినా, ముందు మీ శుక్రవారం మార్చండి. సాలార్‌జంగ్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం రెండూ శుక్రవారం సెలవు. గేటు దగ్గర నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకోవాలి. మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు, ఆ టైంలో చార్మినార్ చుట్టూ బండి కదలదు.

నన్నడిగితే పోచంపల్లి మానేసి రెండు రోజులూ పాత బస్తీకే ఇవ్వండి. నేను పుట్టి పెరిగింది అక్కడే, పక్షపాతం ఉంది, ఒప్పుకుంటా. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంది. బీరువా అంటే మన గోద్రెజ్ బీరువా అనుకోకండి. ఆ భవనంలో ఒక రెక్క పొడుగునా రెండు అంతస్తుల్లో చెక్క అరలు, పైకెక్కడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. వేసుకున్న బట్ట మళ్లీ వేసుకోలేదని చెబుతారు. నిజమో కాదో గానీ, ఆ అరల పక్కన నడుస్తుంటే నమ్మబుద్ధేస్తుంది. బట్టల టూరు అంటే అక్కడి నుంచే మొదలవ్వాలి.

తర్వాత లాడ్ బజార్. లక్క గాజులకు 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. గాజు కొనడం కాదు, చేసేది చూపించండి. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతుంది, దాన్ని తాడులా సాగదీసి గుండ్రంగా చుడతారు, చల్లారేలోపు ఒక్కో రాయి పొదుగుతారు. వేళ్లు కాలతాయి, వాళ్లకు అలవాటు. పెళ్లి కూతురి తల్లి వస్తున్నారు కదా, హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతుళ్లు వేసుకునే ఖడా దుపట్టా కూడా చూడమనండి. మన ఇళ్లలో కట్టకపోయినా, ఆరు గజాల దుపట్టా ఒంటి మీద ఎలా నిలబడుతుందో చూస్తే బొటిక్ ఆమెకు పది ఐడియాలొస్తాయి.

కండె చుట్టిన చెయ్యి

మాది పోచంపల్లి పక్క ఊరు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి నాన్నది, ఒకటి బాబాయిది. అక్కా, మీవారి మాట సగం నిజం.

ఆదివారం వచ్చిందంటే మా వీధిలోకి కార్లు వస్తాయి. చెప్పులతోనే లోపలికి వచ్చేస్తారు. గుంట మగ్గం దగ్గర నాన్న కాళ్లు గుంటలో ఉంటాయి, లేవడానికి కుదరదు, "ఇటు చూడండి అంకుల్" అని ఫోటో. అరగంట కూర్చుని, మంచినీళ్లు తాగి, చీర రేటు అడిగి, "సిటీలో ఇంతకంటే తక్కువకే ఉంది" అని లేచిపోతారు. సిటీలో తక్కువకు ఉన్నది ఏంటో నాకు తెలుసు, అది నేసిన బొమ్మ కాదు, బట్ట మీద అచ్చేసిన ప్రింటు. నాన్నకూ తెలుసు. ఏమీ అనడు.

అట్లని రావద్దని కూడా అనను. మా అమ్మ ఆసు పోసే రోజుల్లో, అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో వరసగా చుట్టే రోజుల్లో, ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేలసార్లు ముందుకీ వెనక్కీ ఆడేది. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలు. రాత్రి అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేచేది కాదు. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ బాధ చూడలేకే ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంట్లో ఆ మిషన్ వచ్చాకే అమ్మ భుజం నొప్పి తగ్గింది. ఇదంతా షాపు గాజు బల్ల ముందు కూర్చుంటే తెలియదు. చూడాల్సిందే. ఎట్లా చూస్తారన్నదే గొడవ.

జమాఖర్చు

పత్తర్‌గట్టిలో, తర్వాత సికింద్రాబాద్‌లో, మొత్తం పందొమ్మిదేళ్లు చీరల షాపుల్లో లెక్కలు రాశాను. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. మగ్గం మీద ఉన్న చీర ఎవరిది?

నేసేవాడిది అనుకుంటారు అందరూ. చాలా ఇళ్లలో కాదు. నూలు, పట్టు, డిజైను ఇచ్చేది మాస్టర్ వీవరు. నేసినవాడికి వచ్చేది కూలి. చీర తిరిగి మాస్టర్ వీవరుకి వెళ్లాలి. మీరు ఆ ఇంటికి వెళ్లి "డైరెక్ట్‌గా నీ దగ్గరే కొంటా, షాపువాడికెందుకు లాభం" అంటే, ఆయన తనది కాని సరుకు అమ్మాలన్నమాట. మొహమాటానికి అమ్మితే రేపు పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు నూలు) ఇవ్వరు. సొంతంగా నేసుకుని అమ్మేవాళ్లు లేకపోలేదు, నేతవాళ్ల సహకార సొసైటీ కింద నేసేవాళ్లూ ఉన్నారు. గుమ్మంలో నిలబడి ఎవరు ఎవరో మీకెలా తెలుస్తుంది?

ఇక షాపువాడు దొంగ అనే మాట. పెళ్లిళ్ల సీజన్ కోసం ఆరు నెలల ముందు డబ్బు పెట్టి సరుకు తెచ్చేది అతనే. రంగు దిగిన చీర వెనక్కి వస్తే తీసుకునేదీ అతనే. నేతవాళ్ల ఇంట్లో మూడు చీరలు చూస్తారు, షాపులో ముప్ఫై ఇళ్ల పని ఒక్కచోట చూస్తారు. బొటిక్ ఆమె వ్యాపారం కోసం కొనేట్టయితే రెండోదే ఉపయోగం.

మాల్ మనిషి

ఇంత చర్చ దేనికండీ. ఏసీ ఉంది, పార్కింగ్ ఉంది, కింద ఫుడ్ కోర్టు ఉంది. రెండు గంటల్లో షాపింగ్ అయిపోతుంది. మిగతా రోజున్నర హాయిగా కబుర్లు చెప్పుకోవచ్చు.

గాజుల వీధి

ఆ మాల్ రాజమండ్రిలోనూ ఉంటుంది అన్నా. దానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రావడం ఎందుకు?

కండె చుట్టిన చెయ్యి

జమాఖర్చు గారు చెప్పింది కాదనను. మా బాబాయి మాస్టర్ వీవరు కిందే నేస్తాడు. నాన్నది సొంత పడుగు. బయటి నుంచి చూస్తే రెండు మగ్గాలకూ తేడా ఉండదు.

కానీ షాపు లెక్క మొత్తం చెప్పలేదు మీరు. వానాకాలంలో గుంటలోకి నీళ్లు ఊరితే మగ్గం ఆగుతుంది. ఆ రోజులకు కూలి ఎవరిస్తారు? షాపువాడి డబ్బు ఆరు నెలలు ఇరుక్కుంటే దానికి వడ్డీ ధరలో కలుస్తుంది. మా నాన్న కూర్చున్న రోజు ఏ ధరలోనూ కలవదు. అందుకే నేరుగా కొంటే మాకు మంచిదే. కాకపోతే "ఈ మగ్గం మీదున్న చీర మీ సొంతమేనా, అమ్మకానికి మీ సొంత చీరలు ఏమైనా ఉన్నాయా" అని అడిగి కొనండి. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

కొత్తపేట కోడలు

ఈ మాట ముందే తెలిస్తే పోయిన ఏడాది నేను చేసిన పని చేసేదాన్ని కాదు. ఒక టూరు ప్యాకేజీవాళ్లతో వెళ్లాం. "వీవర్స్ హోమ్" అని ఒక ఇంటికి తీసుకెళ్లారు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో నాలుగు గోడల నిండా చీరలు. అంత సరుకు ఒక్క మగ్గం మీద ఎలా వచ్చిందని అప్పుడు తట్టలేదు. పోచంపల్లి నేత అని రెండు ఇకత్ కాటన్ చీరలు కొన్నాను. ఒకటి మూడు ఉతుకులకు వెలిసిపోయింది. వెనక్కి తిప్పి చూస్తే లోపలివైపు రంగు సగమే ఉంది. గైడ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ప్రింటును పట్టుకోవడం ఎలాగో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కండె చుట్టిన చెయ్యి

మీరు వెనక్కి తిప్పి చూశారు కదా, అదే మొదటి పరీక్ష అక్కా. కొన్నాక కాదు, కొనేముందు చూడాలి. అసలైన ఇకత్‌లో రంగు నూలుకే ఉంటుంది. నేయకముందే నూలు పోగుల్ని గీసుకున్న గుర్తుల ప్రకారం కట్టలు కడతారు. మా ఊళ్లో పాత సైకిల్ ట్యూబును సన్నగా పీలికలు కోసి దాంతో కడతారు. కట్టినచోట రంగు ఎక్కదు. మళ్లీ విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. దీన్నే చిటికి అంటారు. కాబట్టి చీరకు ముందూ వెనకా ఒకటే రంగు. అంచు దగ్గర ఒక్క పోగు లాగి చూడండి, పోగు పొడుగునా రంగులు మారుతూ కనబడతాయి. ప్రింటులో పోగు ఒకవైపు తెల్లగా ఉంటుంది.

రెండోది, బొమ్మ అంచులు. చిలకో ఏనుగో ఉంటే దాని గీత కొంచెం చెదిరినట్టు, నీళ్లలో నీడలా ఉంటుంది. పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి, ఎంత నేర్పరి నేసినా. గీత కత్తితో కోసినట్టుంటే అనుమానించండి. పడుగు, పేక (అడ్డపోగులు) రెండూ చిటికి కట్టి నేసినదైతే రెండువైపుల బొమ్మ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. దానికి ధర ఎందుకంతో మగ్గం ముందు పది నిమిషాలు నిలబడితే అర్థమవుతుంది. నాన్న పేక వేసిన ప్రతిసారీ పోగును గోటితో అటూ ఇటూ జరిపి గుర్తు కలిపి, అప్పుడు దువ్వెన కొడతాడు.

టైం ఉంటే పుట్టపాక కూడా చూడండి. హైవేకి అటువైపు, ఇంకా లోపలికి. తేలియా రుమాలు అనే చిటికి గుడ్డ అక్కడ నేస్తారు, 2020లో జీఐ వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. కొత్త రుమాలు వాసన చూస్తే నూనె వాసన వస్తుంది. ఎరుపు, నలుపు, తెలుపు. ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్లేవి.

బొటిక్ భానుమతి

నేనే ఆ బొటిక్ ఆమెను. మా కొత్తపేట కోడలు ఈ లింకు పంపింది. నాదొక సందేహం, నవ్వకండి. పోచంపల్లిలో మగ్గం వర్క్ బ్లౌజులు కూడా కుట్టిస్తారా?

జమాఖర్చు

నవ్వనమ్మా, ప్రతి పెళ్లి సీజన్‌లో షాపులో వినే ప్రశ్నే ఇది. మగ్గం వర్క్‌లో మగ్గం అంటే నేత మగ్గం కాదు, బట్ట బిగించి కుట్టే చెక్క చట్రం. జర్దోసీ, పూసలు, కుందన్ అన్నీ దాని మీదే. పాత బస్తీ గల్లీల్లో దాన్ని కార్చోబ్ అంటారు. కాబట్టి చీరకు పోచంపల్లి, జాకెట్టు పనికి పాత బస్తీ. జనవరి పెళ్లికయితే జాకెట్టు ఇప్పుడే ఇచ్చేయండి, డిసెంబర్‌లో ఇస్తే పని చేసేవాళ్లు దొరకరు.

టోలీచౌకి తాత

అందరూ చీర, గాజు అంటున్నారు. హైదరాబాద్ అనగానే హిమ్రూ గుర్తు రావాలి, ఒక్కరూ అనలేదు. పట్టూ నూలూ కలిపి నేసే గుడ్డ, షేర్వానీలకు వాడేవారు. ఇక్కడ దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర సురయ్యా హసన్ బోస్ గారు ఆ పనిని బతికించారు. భర్త పోయిన ఆడవాళ్లకు మగ్గం నేర్పి, మష్రూ, పైఠనీ, జామావార్ లాంటి పాత రకాల గుడ్డలు నేయించారు. 2021లో పోయారు. నా పెళ్లి షేర్వానీ హిమ్రూయే. ఇప్పుడు నాకు పట్టదు, మనవడికి వద్దట. మీ బొటిక్ ఆమె ఒకసారి ముట్టుకుని చూడాలంటే మా ఇంటికి తీసుకురండి. ఆ షేర్వానీని అమ్మడం మాత్రం జరగదు.

కొత్తపేట కోడలు

తాతగారూ, తప్పకుండా వస్తాం. ఇంకొక సర్దుబాటు. శుక్రవారం మ్యూజియాలు సెలవు కాబట్టి పోచంపల్లి శుక్రవారానికి, పాత బస్తీ శనివారానికి మార్చాను. మా ఆయన మెత్తబడ్డారు, అయితే రెండు షరతులు పెట్టారు. ఒకటి, మనుషుల ఫోటోలు వద్దు, మగ్గానివి మాత్రం అడిగి తీసుకోవాలి. రెండోది, బేరం వద్దు. రెండో షరతు మీద మా వాళ్లలో ఇద్దరు ఒప్పుకోవడం లేదు. బేరం చేయకుండా చీర కొంటే చీర కొన్నట్టే ఉండదట.

గాజుల వీధి

బేరమంతా నా దగ్గర చేయమనండి, లాడ్ బజార్‌లో. అక్కడ అడిగిన రేటుకు కొంటే గాజులవాడే బాధపడతాడు.

కండె చుట్టిన చెయ్యి

అక్కా, శుక్రవారం పొద్దున పది దాటాక రండి. ఒంటి గంట నుంచి రెండు దాకా అన్నాల టైం, అప్పుడు ఎవరి గడపా ఎక్కొద్దు. చెప్పులు బయట. మా నాన్నకు ఫోన్ చేసి చెబుతా. ఆయన దగ్గర సొంత చీరలు రెండే ఉన్నాయి ప్రస్తుతం, అవి నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, ఫర్లేదు. సొసైటీ షోరూం ఊళ్లోనే ఉంది, మిగతావి అక్కడ చూడొచ్చు.

గాజుల వీధి

శనివారం వచ్చేముందు పెళ్లి కూతురి గాజు సైజు రాసుకుని రండి వదినా. రెండు నాలుగా, రెండు ఆరా, రెండు ఎనిమిదా. రెండు నాలుగు అంటే రెండు అంగుళాల మీద పదహారు భాగాల్లో నాలుగు, అంటే రెండుంపావు. "మా అమ్మాయి చెయ్యి నా చెయ్యంతే ఉంటుంది" అని తల్లులు ఒట్టేసి కొంటారు, వారానికి మార్చుకోవడానికి వస్తారు. రాజమండ్రి నుంచి మళ్లీ రాలేరు కదా.