19 ఏళ్ళుగా కదలని 1965 బీటిల్‌ను ఇంట్లోనే బాగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిబీటిల్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా మేనమామగారు ఎంతో ఇష్టంగా వాడుకున్న 1965 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కొద్ది నెలల క్రితం నా చేతికి వచ్చింది. ఆయన దాన్ని చివరిసారి బయటికి తీసి 19 ఏళ్ళయింది. అప్పటినుంచి అది షెడ్డులో, గాలి దిగిపోయిన నాలుగు టైర్ల మీద, టార్పాలిన్ కింద నిలబడే ఉంది. చిన్నప్పుడు వెనక సీటులో కూర్చుని, వీపు వెనకనుంచి వచ్చే ఆ ఇంజను చప్పుడు వింటూ తిరిగిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే దీన్ని ఎవరికో అప్పగించి చేయించుకోకుండా, ఎంత కాలం పట్టినా నా చేతులతోనే మళ్ళీ రోడ్డెక్కించాలని నిశ్చయించుకున్నాను.

నాకు మెకానిక్ పనిలో శిక్షణ లేదు. స్కూటరు ఇంజను రెండుసార్లు విప్పి బిగించాను, మిగ్ వెల్డింగ్ కొంతవరకు నేర్చుకున్నాను. షెడ్డులో కారు పోగా చుట్టూ ఒక మనిషి తిరిగేంత చోటే మిగులుతుంది. సాయంత్రాలు, సెలవు రోజులు తప్ప వేరే తీరిక లేదు. ముందుగా బండిని చివరి బోల్టు వరకు విప్పేసి, ఒక్కొక్క భాగాన్నీ శుభ్రం చేసి, రంగు వేసి, ఆ తరువాత అన్నీ బిగించాలన్నది నా ఆలోచన. ఇది సరైన పద్ధతేనా? ఇంజను తిరుగుతుందో లేదో ఇంకా చూడలేదు, తాళం తిప్పడానికి భయంగా ఉంది. సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో తయారైన ఇంజనుకు ఇప్పటి పెట్రోలు పడుతుందా అన్నది మరొక సందేహం. అనుభవం ఉన్నవారు దారి చూపగలరని ఆశిస్తున్నాను.

చమురుచేతులు ఇచ్చిన సమాధానం:

నీలిబీటిల్ గారూ, తాళం తిప్పకుండా ఆగి చాలా మంచి పని చేశారు. అదే ఓపికతో, బండిని మొత్తం విప్పాలన్న ఆలోచనను కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నిలబడి ఉన్న కారుకంటే విప్పిన కారుకు రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు కావాలి, మీ షెడ్డులో అది లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఇళ్ళలో మొదలుపెట్టిన బళ్ళు సగంలో ఆగిపోవడం నేను చాలా చూశాను. విప్పిన భాగం ఎక్కడిదో గుర్తులేకపోవడం, ఏడాది గడిచినా బండి అడుగు కూడా కదలకపోవడం వల్లనే చేసేవారి మనసు విరిగిపోతుంది. నా మొదటి బండి ముందు భాగాన్ని రెండు రోజుల్లో విప్పి, బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేశాను. వాటిని తిరిగి ఎక్కడివక్కడ చేర్చడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒకసారికి ఒక్క విభాగాన్నే విప్పండి. విప్పేముందు నాలుగు వైపులనుంచి ఫోటో తీయండి, ప్రతి భాగం బోల్టులనూ విడి సంచిలో వేసి, అది ఎక్కడిదో సంచి మీదే రాయండి.

ఇంజను విషయానికి వస్తే, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల తుప్పు వదిలించే నూనె పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. ఆ తరువాత డైనమో పుల్లీ మీది నట్టుకు 21 మిల్లీమీటర్ల పానా వేసి నెమ్మదిగా తిప్పండి. బెల్టు జారిపోతుంటే కింద క్రాంకు పుల్లీ బోల్టుకు 30 మిల్లీమీటర్ల పానా పడుతుంది. కదలకపోతే పానాకు పొడవాటి పైపు తగిలించి బలం చూపించవద్దు. మరికొంత నూనె పోసి, ఇంకో రెండు రోజులు ఆగి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలించండి. పిస్టన్ రింగులు సిలిండరు గోడకు పట్టేసి ఉన్నప్పుడు మొరటుగా తిప్పితే అవి విరుగుతాయి. ఓపికగా కదిలిస్తే అవే వదులుతాయి.

చేత్తో రెండు పూర్తి చుట్లు సాఫీగా తిరిగాక పాత ఆయిలు దించేయండి. ఈ ఇంజనులో విడిగా ఆయిల్ ఫిల్టరు ఉండదు, అడుగున ఒక జల్లెడ మాత్రమే ఉంటుంది. దాన్ని విప్పి కడిగి, రెండున్నర లీటర్ల కొత్త ఆయిలు పోయండి. ప్లగ్గులు బిగించకుండానే, డ్యాష్‌బోర్డు మీది ఆయిలు దీపం ఆరిపోయేదాకా స్టార్టరు తిప్పండి. మీ బండి వైరింగు 6 వోల్టులదో, ఎవరైనా 12కు మార్చారో ముందుగా చూసుకోవాలి. 1965 బండ్లు సాధారణంగా 6 వోల్టులతోనే వచ్చాయి.

స్టార్టు చేయడానికి ముందు పెట్రోలు గొట్టాలన్నీ మార్చండి. ఈ ఒక్క మాటను మాత్రం దయచేసి వాయిదా వేయవద్దు. బీటిల్‌లో పెట్రోలు ట్యాంకు ముందు, ఇంజను వెనక ఉంటాయి. పెట్రోలు బండి నడుమ ఉన్న సొరంగంలోని ఇనుప గొట్టం గుండా వెనక్కి వచ్చి, అక్కడినుంచి రబ్బరు గొట్టాల ద్వారా పంపుకూ కార్బ్యురేటరుకూ చేరుతుంది. పైకి నూలు అల్లిక ఉన్న పాత గొట్టాలు చూడడానికి బాగానే ఉంటాయి. వేళ్ళ మధ్య వంచి చూస్తే మాత్రం అల్లిక కింద రబ్బరు పెళుసుగా పగులుతుంది. అక్కడ కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడి కాలిపోయిన బీటిల్‌లు ఎన్నో ఉన్నాయి. ఇథనాల్ కలిపిన పెట్రోలును తట్టుకునే గొట్టాలనే ఎంచుకుని, ప్రతి చివరా క్లిప్పు బిగించండి.

బండి కదలడానికి ముందు ఆగడం నేర్చుకోవాలి కనుక తరువాతి పని బ్రేకులది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, ఇన్నేళ్ళు ఊరకే ఉన్న వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర బ్రేకు షూలను నెట్టే భాగాల) లోపల తుప్పు గుంటలు తప్పకుండా పడి ఉంటాయి. వాటిని రుద్ది వాడుకునే ప్రయత్నం చేయకుండా నాలుగు చక్రాలకూ కొత్తవి వేయండి. మీ బండిలో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు ద్రవం పారే వలయం ఒక్కటే. ఒక్కచోట కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి.

ఇనుపరేకు ఇచ్చిన సమాధానం:

చమురుచేతులు గారు చెప్పిన వరుస నాకు పూర్తిగా సమ్మతమే. కానీ బీటిల్ బతకడం, బతకకపోవడం ఇంజను మీద ఆధారపడదని నా అభిప్రాయం. ఇంజను నాలుగు బోల్టులతో గేరుబాక్సుకు తగిలి ఉంటుంది, ఎప్పుడైనా దించుకోవచ్చు. రేకు అలా కాదు. డబ్బు ఖర్చు చేయడానికి ముందు ఒక అయస్కాంతమూ, ఒక స్క్రూడ్రైవరూ, ఒక టార్చి లైటూ తీసుకుని బండి కిందికి వెళ్ళండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, బండిని పక్కనుంచి తోసి కదలడం లేదని చూసుకున్నాకే వెళ్ళండి.

మొదట వెనక సీటు ఎత్తండి. బీటిల్ బ్యాటరీ ఉండేది ఆ సీటు కిందే. ఏళ్ళ తరబడి ఆమ్లం ఆవిర్లు తగిలి, బ్యాటరీ కింది నేల రేకు అన్నిటికంటే ముందు పోతుంది. ఆ తరువాత తలుపుల కింద గడపలాగా పొడవుగా ఉండే బోలు పెట్టెలను చూడండి. వాటిని హీటర్ ఛానళ్ళు అంటారు. ఇంజను దగ్గరి వేడిగాలిని లోపలికి తెచ్చేవి అవే, శరీరం వంగిపోకుండా పట్టి ఉంచేవి కూడా అవే. లోపలినుంచి తుప్పు తింటాయి కనుక పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవరు పిడితో వరసగా తడుతూ వెళ్ళండి. మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు డొల్లగా, బొంగురుగా పలుకుతుంది. అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి రంగు మీద జరుపుతూ పోతే, అది పట్టు వదిలిన చోట రేకు లేదనీ పుట్టీ మాత్రమే ఉందనీ అర్థం.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. నా బండిలో రెండు వైపులా ఛానళ్ళు పోయి ఉంటే, పని త్వరగా అవుతుందని రెండింటినీ ఒకేసారి కోసేశాను. తలుపు చట్రాల మధ్య ఊత కడ్డీలు పెట్టలేదు. కొత్తవి తెచ్చి వెల్డింగు పూర్తిచేసి తలుపు వేయబోతే, వెనక అంచు దాదాపు వేలు మందం పైకి వచ్చి గొళ్ళెం అందలేదు. ఆధారం పోయిన శరీరం నడుమ కుంగిపోయిందని అప్పుడు తెలిసింది. చేసిన వెల్డింగు అంతా కోసి మళ్ళీ చేయవలసి వచ్చింది. మీరు అలా చేయవద్దు. చతురస్రపు ఇనుప గొట్టంతో ప్రతి తలుపు చట్రంలోనూ ఊత వేయండి. కోయకముందే తలుపు చుట్టూ సందులు కొలిచి రాసుకోండి. శరీరం నేల పళ్ళేనికి (బండి అడుగు రేకు చట్రానికి) బిగించి ఉండగానే, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి.

ఈ రేకు మందం ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది. 0.6 మిల్లీమీటర్ల వెల్డింగు తీగతో ఒక చుక్క పెట్టి, దానికి దూరంగా ఇంకో చుక్క పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. ఒకే గీతగా లాగితే రేకు అలలు తేలుతుంది. ముందుగా బండినుంచి కోసిన పాత రేకు ముక్కల మీద సాధన చేయండి. 2003 జూలైలో మెక్సికోలోని ప్యూబ్లాలో చివరి బీటిల్ బయటికి వచ్చేనాటికి మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి, నేల రేకులూ ఛానళ్ళూ ఇప్పటికీ కొత్తగా దొరుకుతున్నాయి. చాలా పాత కార్లకు లేని అదృష్టం ఇది.

నీలిబీటిల్:

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వెనక సీటు ఎత్తి చూశాను. బ్యాటరీ పెట్టె చోట అరచేయంత రంధ్రం ఉంది, అందులోంచి షెడ్డు నేల కనిపిస్తోంది. కుడి ఛానలు వెనక భాగం మీరు చెప్పినట్టే బొంగురుగా పలికింది, ఎడమది గట్టిగానే ఉంది. పైకప్పు, తలుపులు, ముందు మూత మీద అయస్కాంతం ఎక్కడా జారలేదు. ఆ భాగాల మీద అసలు నీలం రంగు వెలిసిపోయి ఉంది. మొత్తం గీకేసి కొత్త రంగు వేయడమే మంచిదా?

రెండోగేరు ఇచ్చిన సమాధానం:

గీకవద్దని నా సలహా. మీ మేనమామగారు తుడిచిన రంగు అది, కార్ఖానా నుంచి వచ్చిన రంగు అది. కింద రేకు బాగున్నప్పుడు దాన్ని మెల్లగా కడిగి, సన్నని పాలిష్‌తో ఒక మూల రుద్ది చూడండి. వెలిసిన పొర కింద రంగు చాలావరకు మిగిలే ఉంటుంది. వెల్డింగు చేసిన చోట మాత్రం ఎపాక్సీ ప్రైమరు వేసి, దానికి కలిసే రంగు వేయండి. అన్నీ అయ్యాక ఛానళ్ళ లోపలికి తుప్పు ఆపే మైనం పిచికారీ చేయడం మరచిపోకండి, లోపలినుంచి మళ్ళీ తుప్పు పట్టకుండా అది కాపాడుతుంది.

ఆరోగ్యం గురించి కూడా కొన్ని మాటలు చెప్పాలి, వీటిలో నేను రాజీపడను. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా రుద్దకండి. నీళ్ళు పోస్తూ ఉప్పుకాగితంతో రుద్దండి, సన్నని ధూళిని ఆపే మాస్కు వేసుకోండి. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, డ్రమ్ము విప్పినప్పుడు గాలి కొట్టి దులపకుండా తడిగుడ్డతో తుడవండి. గట్టిపరిచే ద్రవం కలిపే రెండు భాగాల రంగుల్లో చాలావాటిలో ఐసోసైనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి. బయటినుంచి గాలి అందించే మాస్కు లేకుండా వాటిని ఇంట్లో పిచికారీ చేయకూడదు, ఆ పని తగిన గది ఉన్నవారికి అప్పగించడం మంచిది. క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనరుతో తుడిచిన రేకును ఎప్పుడూ వెల్డింగు చేయవద్దు. ఆ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది, కొద్దిగా పీల్చినా ప్రాణం మీదికి వస్తుంది.

చమురుచేతులు:

పెట్రోలు సందేహానికి జవాబు ఇవ్వడం మరచిపోయాను. సీసం కలిపిన పెట్రోలు ప్రపంచంలో చివరిగా అమ్మిన దేశం అల్జీరియా, అక్కడ కూడా 2021లో ఆగిపోయింది. పెట్రోలులోని ఆ సీసం వాల్వు సీటును, అంటే వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచును, అరగకుండా కాపాడేది. బీటిల్ సిలిండరు హెడ్లు అల్యూమినియంవి, వాల్వు సీట్లు మాత్రం విడిగా కూర్చిన గట్టి లోహపు వలయాలు కాబట్టి మామూలుగా నడుపుకోవడానికి ఇబ్బంది ఉండదు. ఎప్పటికప్పుడు వాల్వుల సందు చూసుకుంటే చాలు.

బ్యాటరీ తిరిగి పెట్టేటప్పుడు దాని మూత తప్పకుండా వేయండి. సీటు స్ప్రింగులు కుంగి బ్యాటరీ కొనలకు తగిలితే, పైన ఉన్న కొబ్బరిపీచు మెత్త అంటుకుంటుంది.

నీలిబీటిల్:

ఇంజను ఐదో రోజున కదిలింది. మొదట పుల్లీ వెంట్రుకవాసి ముందుకు జరిగి ఆగింది. వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పితే ఈసారి పావు చుట్టు వచ్చింది. లోపల ఏదో మెత్తగా వదిలినట్టు పానా పిడి ద్వారా చేతికి తెలిసింది. అరగంట తరువాత రెండు చుట్లు సాఫీగా తిరిగాయి. జల్లెడ విప్పితే నల్లటి బురద తప్ప లోహపు పొడి కనిపించలేదు.

మొత్తం విప్పే ఆలోచన మానుకున్నాను. పెట్రోలు గొట్టాలు మార్చడం అయింది, వీల్ సిలిండర్లు వచ్చాయి. పైకప్పు మూలలో అరచేయంత చోట పాలిష్ చేస్తే, నేను చిన్నప్పుడు చూసిన నీలం అలాగే బయటపడింది. కుడి తలుపు చట్రం సందులు నాలుగు చోట్ల కొలిచి పుస్తకంలో రాశాను. బ్రేకులు పూర్తికాగానే ఊత కడ్డీలు వేసి కుడి ఛానలు పని మొదలుపెడతాను, కోసేముందు ఫోటోలు ఇక్కడ పెడతాను. ఇనుపరేకు గారు ఒకసారి చూసి సరేనంటేనే గ్రైండరు పట్టుకుంటాను.