సిరంజి ఎమోజీ 💉 అంటే రక్తమా, టీకానా?

సభ్యులకు నమస్కారం. మా బంధువుల గ్రూపులో ఒకరు "నాన్నకి ఇవాళ 💉" అని పెట్టి ఊరుకున్నారు. కొందరు టీకా అనుకుని బొటనవేలు గుర్తు పెట్టారు, కొందరు ఏమైందోనని టెన్షన్ పడి ఫోన్లు చేశారు. ఈ గుర్తుకు ఫలానా అర్థం అని ఏదైనా ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
నమస్కారం అండీ. అన్ని ఫోన్లలోని అక్షరాలకూ ఎమోజీలకూ ఉమ్మడి సంఖ్యలూ పేర్లూ ఇచ్చే యూనికోడ్ వాళ్లు దానికి పెట్టిన పేరు సిరంజి, అంతే. టీకాకే వాడాలని గానీ, రక్తపరీక్షకే వాడాలని గానీ నియమం లేదు. జనం ఆ బొమ్మను చూసి అర్థం చెప్పుకున్నారు. తర్వాత ఆ బొమ్మే మారింది. మీవాళ్లు రెండు రకాలుగా అనుకోవడంలో వింతేమీ లేదు.

జపాన్ మొబైల్ ఫోన్లలో ఉన్న ఈ గుర్తు 2010లో యూనికోడ్ 6.0లో చేరింది. ఆపిల్ ఫోన్లో అప్పటి బొమ్మలో గొట్టం నిండా ఎర్రటి రక్తం, సూది కొనన రక్తపు చుక్కలు ఉండేవి. అది చూస్తే రక్తం తీస్తున్నారనే అనిపిస్తుంది గానీ మందు ఎక్కిస్తున్నట్టు ఉండదు. అందుకే రక్తదానం చేసినవాళ్లూ, పరీక్షకు రక్తం ఇచ్చినవాళ్లూ, పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లూ కూడా దాన్నే పెట్టేవారు.

కోవిడ్ టీకాలు మొదలయ్యాక అందరూ ఈ గుర్తునే పట్టుకున్నారు. టీకా కబురు పక్కన రక్తం కారే సూది ఏం బాగుంటుంది? 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5లో ఆపిల్ ఆ రక్తాన్ని తీసేసింది. అంతకు కొన్ని నెలల ముందు, 2020 నవంబరులో, మాస్కు ముఖానికి 😷 దిగులు కళ్లు తీసి నవ్వే కళ్లు పెట్టింది కూడా వాళ్లే. రోగి ముఖం జాగ్రత్తపరుడి ముఖం అయింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మనం ఎమోజీ పంపితే బొమ్మ వెళ్లదు, ఒక సంఖ్య వెళ్తుంది. బొమ్మ గీసేది అవతలివాళ్ల ఫోను. కాబట్టి మీరు రక్తం లేని సూది పంపినా, అప్డేట్ చేయని పాత ఐఫోన్లో అది నెత్తురు సూదిగానే కనబడుతుంది. దీనికి తిరకాసు ఇంకోవైపూ ఉంది: 2018లో ఎవరో "రక్తం ఇచ్చి వచ్చా 💉" అని రాసిన మెసేజ్‌ను ఇవాళ కొత్త ఫోన్లో తెరిస్తే అందులో రక్తమే ఉండదు. అక్షరాల విషయంలో ఇలా జరగదు. ఫాంటు మారినా "అ" అన్నది "అ"గానే ఉంటుంది. ఎమోజీలను భాషలాగా చదివేటప్పుడు ఈ తేడాను మనం తక్కువగా పట్టించుకుంటున్నామని నా అభిప్రాయం.

రక్తానికి 2019లో విడిగా 🩸 వచ్చింది. బాలికల హక్కుల కోసం పనిచేసే ప్లాన్ ఇంటర్నేషనల్ యూకే, నెలసరి గురించి దాపరికం లేకుండా మాట్లాడుకునేందుకు ఒక గుర్తు కావాలని పోరాడి సాధించింది. రక్తదానానికీ అదే పనికొస్తుంది. కాబట్టి ఇప్పుడు రక్తానికి చుక్క, సూదిమందుకూ టీకాకూ సిరంజి అని విడదీసి వాడుకోవచ్చు.

మీ గ్రూపు సంగతికొస్తే, "టీకా వేయించాం 💉" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ కంగారుపడేవారు కాదు. చూపులేనివారి ఫోను ఆ గుర్తు పేరును మాత్రమే చదివి వినిపిస్తుంది. ఉత్త సిరంజి అని వింటే వాళ్లకు అసలేం తెలుస్తుంది? ఒంట్లో బాగాలేని కబురు ఎప్పుడూ మాటల్లోనే చెప్పాలి, గుర్తు పక్కన ఉంటే ఉండనివ్వండి.

ఇంకొకరు:
చాలా బాగా చెప్పారండీ. కర్రకు పాము చుట్టుకున్న గుర్తు ⚕️ కూడా వైద్యానిదేనా? కొన్నిచోట్ల రెండు పాములూ రెక్కలూ కనిపిస్తాయి.

జవాబు:
ఒక పాము, రెక్కల్లేని కర్ర ఉన్నదే వైద్యానిదండీ. గ్రీకుల వైద్యదేవుడు అస్క్లెపియస్ చేతికర్ర అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చిహ్నంలోనూ అదే ఉంది. రెక్కలూ రెండు పాములూ ఉన్నది హెర్మెస్ దండం. అతను దేవతల దూత, వర్తకుల దేవుడు. రెంటినీ కలగలిపేయడం చాలా చోట్ల ఉంది. ⚕️ యూనికోడ్‌లోకి 2005లోనే వచ్చినా, ఎమోజీ అయింది మాత్రం 2016లో, డాక్టర్ బొమ్మలతో పాటు. డాక్టరమ్మ 👩‍⚕️ నిజానికి ఒక్క గుర్తు కాదు. స్త్రీ బొమ్మ, కంటికి కనబడని ఒక అతుకు, ఈ కర్ర కలిస్తే ఆమె అవుతుంది. ఆ అతుకును గుర్తించని పాత ఫోన్లో ఆడమనిషి ఒకచోట, కర్ర ఒకచోట విడివిడిగా కనిపిస్తాయి.