స్పైనల్ ట్యాప్‌లో ఏది ఏ బ్యాండుది?

బేస్‌పిచ్చోడు: స్పైనల్ ట్యాప్ అనే కల్పిత రాక్ బ్యాండు మీద 1984లో వచ్చిన హాస్య సినిమా ‘దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్’లో స్టోన్‌హెంజ్ (ఇంగ్లండ్‌లోని పురాతన రాతి కట్టడం) సెట్ సీను హెవీ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బాత్ 1983 టూర్ నుంచి లేపిందేనా? అందులో 10కి బదులు 11 దాకా తిరిగే యాంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ సంగతేంటి?

రీలుమామ: మీరు వరస తిరగేశారండీ. సినిమాకు ముందు 1982లో నమూనాగా తీసిన డెమో రీలులోనే ఆ సీనుంది. పైగా సెట్ కొలతల్లో దొర్లిన రెండు తప్పులూ ఒకదానికొకటి తలకిందులు. సినిమాలో నేప్‌కిన్ మీద గీసిన బొమ్మలో అడుగుల గుర్తుగా ఒక గీత గీయాల్సిన చోట అంగుళాల గుర్తైన రెండు గీతలు పడి, 18 అడుగుల రాయి 18 అంగుళాలైంది. సబ్బాత్ చెప్పేదాని ప్రకారం వాళ్ల కొలతల్లో అడుగులు మీటర్లయ్యాయి, సెట్ చాలా వేదికల్లో పట్టనే లేదు.

నాలుగుతీగలు: అసలు సరుకు బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండు శాక్సన్‌ది. సినిమాలో బేస్ గిటార్ వాయించే డెరెక్ పాత్ర వేసిన హ్యారీ షియరర్ వాళ్ల వెంట టూర్‌లో తిరిగాడు. ఒక చేత్తో మీటుతూ రెండోది గాల్లోకి ఎత్తడం శాక్సన్ బేసిస్ట్ స్టీవ్ డాసన్ తీరు. ఇది ఓపెన్ తీగ (వేలితో నొక్కని తీగ) మోగేటప్పుడే కుదురుతుంది. స్వరం మార్చడానికి గిటార్ మెడ మీది ఫ్రెట్ దగ్గర తీగ నొక్కాల్సొస్తే చెయ్యి దించాల్సిందే.

రీలుమామ: నాబ్ అంటారా, అంకె మారిస్తే శబ్దం పెరగదు. లోపల శబ్దాన్ని పెంచి తగ్గించే పొటెన్షియోమీటర్ చివరికొస్తే అంతే, 10 రాసినా 11 రాసినా. యాంప్‌లు తయారుచేసే మార్షల్ కంపెనీ మాత్రం 1990లో జేసీఎం 900 అనే యాంప్ నాబ్‌ల మీద ఏకంగా 20 అచ్చేసింది!