కారులోని మ్యాప్ అప్‌డేట్‌కి డబ్బు పెట్టాలా, ఫోన్ చాలదా?

పాతసెడాన్:
కారు కొని ఆరేళ్ళయింది. మొదటి మూడేళ్ళు మ్యాప్ అప్‌డేట్లు ఉచితమన్నారు. ఒక్కసారి కూడా చేయించుకోలేదు, ఆ బద్ధకం నాదే. మొన్న సర్వీసుకి ఇస్తే "మీ మ్యాప్ బాగా పాతబడింది సార్, కొత్తది వేయమంటారా?" అని అడిగారు. సరే అనబోయి ధర అడిగాను. రెండు సార్లు ఆయిల్ మార్పించేంత చెప్పారు! ఆలోచించి చెబుతానని బయటపడ్డాను.

మ్యాప్ పాతబడిన మాట మాత్రం నిజం. ఈమధ్య కొత్త బైపాస్ మీద వెళ్తుంటే స్క్రీన్ మీద మా బాణం గుర్తు రోడ్డూ గీడూ లేని చోట ఈదుకుంటూ పోయింది. వెనక సీట్లోంచి మా అమ్మాయి "నాన్నా, మనం ఎగురుతున్నామా?" అంది.

జేబులో ఫోన్ ఉంది. అందులో మ్యాప్ ఉచితం, ఎప్పటికప్పుడు కొత్తది. మరి ఈ అప్‌డేట్ ఎవరు కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు? కొన్నవాళ్ళూ, కొనొద్దనేవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

గేరుమార్చు:
కొనొద్దు. ఇందులో ఆలోచించడానికేం లేదు.

2014లో కార్‌ప్లే, 2015లో ఆండ్రాయిడ్ ఆటో వచ్చాయి. ఫోన్‌లో మ్యాప్ కారు స్క్రీన్ మీదే కనిపిస్తుంటే ఇంకో మ్యాప్‌కి డబ్బెందుకు? పైగా మీరు కొనే "కొత్త" మ్యాప్ కూడా కొత్తది కాదు. మ్యాప్ కంపెనీ ఒక తేదీ దగ్గర డేటా ఆపి కారు కంపెనీకి ఇస్తుంది. వాళ్ళు దాన్ని కారు స్క్రీన్ వెనకుండే తమ యూనిట్‌కి తగ్గట్టు మార్చి, పరీక్షించి బయటికి వదిలేసరికి నెలలు గడుస్తాయి. ఈలోపు రోడ్లు వేసేవాళ్ళు ఊరుకోరు కదా. ఇక ట్రాఫిక్, రోడ్డు మూసివేత లాంటివి వాళ్ళు అప్‌డేట్ వేసే పెన్‌డ్రైవ్‌లో ఎలాగూ రావు.

రాత్రిబండి:
గేరుమార్చు గారూ, మీరు సిగ్నల్ ఉన్న చోటే తిరుగుతారనుకుంటాను. నాది రాత్రిళ్ళు దూర ప్రయాణాల ఉద్యోగం. ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోయాక దారి తప్పామనుకోండి, ఫోన్ మ్యాప్ కొత్త దారి వెతుక్కోలేక అలాగే తిరుగుతూ ఉంటుంది. ఆ టెన్షన్ పడ్డవాడికే తెలుసు. ఎండాకాలం అద్దం దగ్గర పెట్టిన ఫోన్ వేడెక్కి ఆగిపోవడం ఇంకో తలనొప్పి.

సొరంగాల సంగతి కూడా చెప్పాలి. లోపల జీపీఎస్ అందదు. కారు యూనిట్‌కి చక్రం ఎంత తిరిగిందో, బండి ఎటు మళ్ళిందో సెన్సర్లు చెబుతూనే ఉంటాయి. ఆ లెక్కతో ఉపగ్రహం లేకుండానే మనం ఎక్కడున్నామో పట్టుకుంటుంది. సొరంగంలోనే రోడ్డు రెండుగా చీలితే దాని విలువ తెలుస్తుంది.

నేను రెండేళ్ళకోసారి అప్‌డేట్ కొంటాను. సంతోషంగా కొంటానని చెప్పను, కొంటాను అంతే.

గేరుమార్చు:
సిగ్నల్ లేని చోటికి వెళ్ళేముందు ఆ ప్రాంతం మ్యాప్‌ని ఫోన్‌లోకి దింపుకోవచ్చు కదండీ. గూగుల్ మ్యాప్స్‌లో ఆ సదుపాయం ఎన్నేళ్ళ నుంచో ఉంది. పైసా ఖర్చు లేదు.

సొరంగం విషయం ఒప్పుకుంటాను, సగమే. కార్‌ప్లేలో కారు ఒప్పుకుంటే ఫోన్ ఆ కారు సెన్సర్ల లెక్క కూడా తీసుకోగలదు. 2016 నుంచి వేజ్ అనే దారి చూపే యాప్ వాళ్ళు కొన్ని సొరంగాల్లో బ్లూటూత్ బీకన్లు, అంటే ఫోన్‌కి సిగ్నల్ పంపే చిన్న పరికరాలు, కూడా పెట్టించారు.

రాత్రిబండి:
"కారు ఒప్పుకుంటే", "కొన్ని సొరంగాల్లో". నేను వెళ్ళే సొరంగం ఆ కొన్నింటిలో ఉండదు, అదీ నా జాతకం. ఇక ముందే దింపుకోవడం అంటారా, ఎటు పంపుతారో బయల్దేరే అరగంట ముందు తెలుస్తుంది నాకు.

కంపాస్‌ముల్లు:
మ్యాప్ డేటా పనిలో కొన్నాళ్ళు ఉన్నవాడిగా మధ్యలో దూరుతున్నాను. కాస్త పొడుగ్గా రాస్తే తిట్టుకోకండి.

ముందు ఒక ముచ్చట. 1981లో హోండా ఎలక్ట్రో గైరోకేటర్ అని ఒకటి తెచ్చింది. అప్పటికి మామూలు జనానికి జీపీఎస్ అందుబాటులో లేదు. బండి ఎటు మళ్ళిందో పసిగట్టే గైరోస్కోప్ లెక్కతో చిన్న తెర మీద చుక్క కదిలేది, ఆ తెర ముందు పారదర్శకమైన ఫిల్మ్ మీద అచ్చేసిన మ్యాప్ పెట్టుకోవాలి. ప్రాంతం దాటితే ఇంకో ఫిల్మ్ పెట్టాలి. 1990లో మాజ్డా యూనోస్ కాస్మోలో జీపీఎస్‌తో నడిచే నావిగేషన్ వచ్చింది. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్ సిగ్నల్‌ని కావాలని తప్పుగా పంపడం మానేసింది. అప్పటినుంచి మామూలు కారుకి తను ఏ రోడ్డు మీదుందో మరింత కచ్చితంగా తెలుస్తోంది.

ఇప్పుడు ధర సంగతి. మ్యాప్ చేయడం ఖరీదైన పనే, అందులో అనుమానం లేదు. కెమెరాలు, సెన్సర్లు పెట్టిన బళ్ళు రోడ్లన్నీ తిరగాలి. ఏ మలుపు నిషేధం, ఏ వీధి ఒకవైపే, ఏ వంతెన కింద ఎంత ఎత్తు బండి పడుతుంది, ఇవన్నీ ఎక్కించాలి. దాని విలువ ఎంతో తెలియాలంటే ఈ కంపెనీలు చేతులు మారిన ధరలు చూడండి. నవ్‌టెక్ అనే మ్యాప్ కంపెనీని కొనడానికి నోకియా 2007లో ఒప్పుకున్న మొత్తం దాదాపు 810 కోట్ల డాలర్లు. అదే వ్యాపారం హియర్ అన్న పేరుతో 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ మూడూ కలిసి 280 కోట్ల యూరోలకి కొన్నాయి. అంటే ఫోన్ మ్యాపులు వచ్చాక కూడా, ఆ డేటా పరాయి చేతుల్లో ఉంటే ప్రమాదమని కారు కంపెనీలు భయపడ్డాయి.

అలాగని మీ దగ్గర అడిగిన ధరని సమర్థిస్తున్నాననుకోకండి. కారు స్క్రీన్ కంపెనీ చేతిలో ఉంది, మ్యాప్ ఫైలుని ఆ ఒక్క కారులోనే పనిచేసేలా తాళం వేసి ఇస్తారు, పక్క దుకాణంలో దొరకదు. పోటీ లేని చోట ధర అలాగే ఉంటుంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని చూడండి. స్వచ్ఛందంగా గీసేవాళ్ళు ప్రపంచమంతా గీశారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కొన్ని చోట్ల కొన్న మ్యాప్ కంటే అదే మెరుగు.

పాతసెడాన్:
కంపాస్‌ముల్లు గారూ, ఫిల్మ్ ముక్క కథ మా అమ్మాయికి చెప్పాను. "దానికి కూడా అప్‌డేట్ డబ్బులు అడిగేవాళ్ళా?" అంది. పిల్ల నా పోలికే.

ప్లగ్గుబండి:
అందరూ దారి చూపించడం గురించే మాట్లాడుతున్నారు. నాది ఎలక్ట్రిక్ కారు. ఇందులో మ్యాప్‌ని నాకంటే ఎక్కువ కారే చదువుతుంది.

చలిలో బ్యాటరీ చల్లబడితే వేగంగా చార్జింగ్ తీసుకోదు. కారులోని నావిగేషన్‌లో ఫాస్ట్ చార్జర్‌ని గమ్యంగా పెడితే, అక్కడికి చేరేలోపే బ్యాటరీని వేడిచేసి సిద్ధంగా ఉంచుతుంది. ఫోన్‌లో అదే గమ్యం పెడితే చాలా కార్లకి ఆ సంగతే తెలియదు. కొన్నింటిలో చేత్తో నొక్కే బటన్ ఉంటుంది, నా దాంట్లో లేదు. మ్యాప్ పాతదై కొత్త చార్జర్ అందులో లేకపోతే ఆ సదుపాయం ఉండీ లేనట్టే.

పెట్రోలు కార్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. 2013లో వచ్చిన రోల్స్‌రాయిస్ రెయిత్ జీపీఎస్, మ్యాప్ చూసి ముందున్న మలుపుకి తగ్గ గేరు ముందే ఎంచుకునేది. మలుపు రాగానే వేగం తగ్గించే క్రూజ్ కంట్రోల్ (కాలు పెట్టకుండానే వేగాన్ని చూసుకునే ఏర్పాటు) ఇప్పుడు మామూలు కార్లలో కూడా వస్తోంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ వేగ పరిమితి గుర్తుచేసే ఏర్పాటు తప్పనిసరి. బోర్డులు చదివే కెమెరా, మ్యాప్ డేటా, ఈ రెంటినీ చాలా కార్లు కలిపి వాడతాయి. కెమెరాకి బోర్డు కనపడనప్పుడు మ్యాప్ చెప్పిందే వేదం. మ్యాప్ పాతదైతే? ఎనభై రోడ్డు మీద యాభై అని మోత పెడుతుంది. ఆపేద్దామంటే, బండి మళ్ళీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది తిరిగి ఆన్ అవుతుంది.

గేరుమార్చు:
ఇప్పుడు అసలు విషయం బయటికొచ్చింది. కారు సరిగ్గా పనిచేయడానికి మ్యాప్ అవసరమైతే, ఆ మ్యాప్‌ని తాజాగా ఉంచే బాధ్యత కారు అమ్మినవాడిది కాదా? బోర్డు తప్పుగా చదివే కెమెరాని "బాగు చేస్తాం, డబ్బు కట్టండి" అంటే ఊరుకుంటామా? మ్యాప్‌కి మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

చేయలేని పనేం కాదు. కియా యూరప్‌లో ఏడేళ్ళ మ్యాప్ అప్‌డేట్ పథకం ఇచ్చింది. ఒకరు ఇవ్వగలిగితే మిగతావాళ్ళకి ఏం అడ్డం?

ప్లగ్గుబండి:
ఈ ఒక్క మాటకి మాత్రం మీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. నా కారుకి అప్‌డేట్లు గాల్లోనే, అంటే మొబైల్ నెట్‌వర్క్ మీదే వస్తాయి, సబ్‌స్క్రిప్షన్ ఉన్నన్నాళ్ళు. ఆ గడువు అయిపోయాక ఏమిటన్నదే నా దిగులు. కంపెనీ మనసులో ఏముందో అటుంచండి, నెట్‌వర్క్ కూడా మన చేతిలో ఉండదు. 2022లో అమెరికాలో మొబైల్ కంపెనీలు 3జీ ఆపేస్తే, దాని మీద ఆధారపడ్డ చాలా కార్లలో ఆన్‌లైన్ సేవలు ఒక్కసారిగా మూగబోయాయి. బండికేం కాలేదు, ఇంజన్ బాగానే ఉంది.

సందుదొంగ:
ఇంత చర్చ ఎందుకన్నా. నెట్‌లో వెతికితే తాళం తీసిన మ్యాప్ ఫైళ్ళు దొరుకుతాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టడమే. నేను రెండు కార్లకి పెట్టాను.

కంపాస్‌ముల్లు:
తమ్ముడూ, నీ రెండు కార్లూ బాగున్నాయంటే అది నీ అదృష్టం. దొంగ ఫైలన్న సంగతి అలా ఉంచు, అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు? కొన్ని యూనిట్లలో మ్యాప్‌తోపాటు సాఫ్ట్‌వేర్ కూడా మారుతుంది. తేడా వస్తే మ్యాప్ ఒక్కటే పోదు, రేడియో, రివర్స్ కెమెరా అన్నీ నల్ల తెరే.

నిదానంగా:
దొంగ ఫైలే అక్కర్లేదండీ. నేను అసలుదే కొని, పెన్‌డ్రైవ్ నేనే పెట్టి నల్ల తెర చూశాను. పదుల జీబీల ఫైలు. గంటసేపు పడుతుంది, ఈలోగా కారు తాళంచెవి తీయొద్దు అని రాశారు. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి కూర్చున్నాను. పాత బ్యాటరీ. అప్‌డేట్ డెబ్భై శాతం దగ్గర బ్యాటరీ పడుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు, యూనిట్ మళ్ళీ లేవలేదు. సర్వీసు వాళ్ళు చార్జర్ తగిలించి మొత్తం మళ్ళీ ఎక్కించారు, దానికి వేరే బిల్లు.

ఎవరైనా చేసుకుంటే ఇంజన్ నడుస్తుండగా ఆరుబయట చేసుకోండి, లేదా బ్యాటరీకి చార్జర్ తగిలించండి. మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్ చేసి కూర్చోకండి, పొగ ప్రాణం తీస్తుంది.

రాత్రిబండి:
ఇందుకే నేను సర్వీసు వాళ్ళ చేతే వేయిస్తాను. తిట్టుకుంటూనే.

పాతసెడాన్:
అందరికీ థాంక్స్. నిన్న కూర్చుని మీరు చెప్పినవన్నీ నా బండిలో చూశాను. సెట్టింగ్స్‌లో సిస్టం సమాచారం తెరిస్తే మ్యాప్ వెర్షన్ కనిపించింది. ఆరేళ్ళ కారులో ఏడేళ్ళ మ్యాప్! అంటే షోరూమ్‌లో ఉన్నప్పుడే ఏడాది పాతది. వాళ్ళు ఇప్పుడు అమ్ముతున్నది ఎప్పటి డేటా అని ఫోన్ చేసి అడిగాను. "లేటెస్ట్ సార్" అన్నారు. ఏ నెలది అంటే "కనుక్కుని చెబుతాం" అన్నారు. ఇంకా కనుక్కుంటున్నారు.

నా బండి మ్యాప్‌ని దేనికి వాడుతుందో కూడా చూశాను. మీటర్ పక్కన వేగ పరిమితి గుర్తు ఒక్కటే. కెమెరా లేదు కాబట్టి అది పూర్తిగా మ్యాప్ నుంచే. దాన్ని నేనెప్పుడూ నమ్మలేదు, బయట బోర్డే చూస్తాను. గేరు, బ్రేకు దాని జోలికి పోవు. కాబట్టి కొనడం లేదు. ప్లగ్గుబండి గారి కారే నాదైతే ఈ మాట అనేవాణ్ణి కాదు. సిగ్నల్ లేని దార్లకి ఫోన్‌లో మ్యాప్ ముందే దింపి పెట్టుకుంటున్నాను.

రాత్రిబండి:
సరే. ఏదో రోజు ఘాట్ మీద ఫోన్ వేడెక్కి ఆగిపోతే ఇక్కడికొచ్చి రాయండి, నవ్వను.

పాతసెడాన్:
నవ్వుతారని తెలుసు. అందుకే ఏసీ గాలి తగిలే చోట పెట్టుకునే హోల్డర్ కూడా కొన్నాను.

కొత్తసభ్యుడు:
మధ్యలో వచ్చాను, క్షమించాలి. మ్యాప్ వెర్షన్ ఎక్కడ చూడాలి? నా దాంట్లో సెట్టింగ్స్‌లో కనపడటం లేదు.

నిదానంగా:
నావిగేషన్ స్క్రీన్ తెరిచి, దానిలోపలి సెట్టింగ్స్‌లో చూడండి. బయటి సెట్టింగ్స్‌లో కొన్ని కార్లు చూపించవు. అక్కడ రాసిన తేదీ ఫొటో తీసి పెట్టుకుని, ఆ తర్వాతే సర్వీసు వాళ్ళతో మాట్లాడండి.