చిన్న .44 రివాల్వర్: ఐదో రౌండ్ దగ్గర సిలిండర్ తిరగడం లేదు, ఏం చేయాలి?

ఆస్టిన్ ఆవకాయ:
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఉంటాను, గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్లయింది. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో .44 స్పెషల్ అనే రకం తూటా వాడే రివాల్వర్ తీసుకున్నాను. ఐదు రౌండ్లది, రెండున్నర అంగుళాల బారెల్, బరువు అరకిలో పైచిలుకు. ధర తక్కువ, సైజు చిన్న, తూటా మాత్రం పెద్దది అని మనసు పడ్డాను. ఇప్పటికి మూడుసార్లు రేంజ్‌కి, అంటే కాల్చడం సాధన చేసే చోటికి వెళ్లాను, మూడుసార్లూ మూడు రకాల తలనొప్పి. 7 గజాల దూరంలోనే తూటాలన్నీ కిందకి, ఎడమకి పోతున్నాయి. ఓ 30 కాల్చాక, రౌండ్లు నింపే సిలిండర్ మూసుకోవడానికి మొరాయిస్తోంది. నిన్నయితే నాలుగు పేలాక ఐదోదానికి సిలిండర్ అసలు తిరగలేదు. పైగా ఎడమ బొటనవేలు కాస్త కాలింది. అమ్మేసి బుద్ధిగా 9 ఎంఎం కొనుక్కోమంటోంది మా ఆవిడ. మీరేమంటారు?

పాత రేంజ్ పక్షి:
ముందు వేలి సంగతి చూద్దాం, మిగతావి తర్వాత. అంతకుముందు పిస్టల్ కాల్చే అలవాటు ఉండి ఉంటుంది మీకు. అందులో రెండు బొటనవేళ్లూ ముందుకి చాపి పట్టుకోవచ్చు. రివాల్వర్‌లో అలా కుదరదు. సిలిండర్‌కి, బారెల్‌కి మధ్య సన్నటి సందు ఉంటుంది. పేలిన ప్రతిసారీ మండే గ్యాసు, సీసం తునకలు అందులోంచి పక్కలకి చిమ్ముతాయి. కాస్త కాలడంతో పోయింది, అదృష్టం. ఎడమ బొటనవేలిని కిందకి మడిచి కుడి బొటనవేలి మీద వేయండి. ఏ వేలూ సిలిండర్ ముందు అంచు దాటకూడదు.

ఇక ఐదో రౌండ్. నా అనుమానం తుపాకీ మీద కాదు, తూటాల మీద. తేలికైన తుపాకీ, బరువైన తూటా అన్నమాట. పేలినప్పుడు తుపాకీ వెనక్కి గెంతుతుంది, దాంతోపాటు సిలిండర్‌లో ఉన్న కాల్చని రౌండ్ల కేసులు, అంటే ఇత్తడి గొట్టాలు కూడా. వాటి ముందున్న సీసం ముక్క మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. బస్సు ఒక్కసారిగా ముందుకి కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టు. కేసు మూతిని గట్టిగా నొక్కి ఉంచకపోతే, దాన్నే క్రింప్ అంటారు, ఒక్కో దెబ్బకి కొంచెం కొంచెంగా ముక్క బయటకి జారుతుంది. ఐదోది అప్పటికే నాలుగు దెబ్బలు తిని ఉంటుంది కదా. సిలిండర్ దాటి ముక్కు బయటపెట్టి ఫ్రేముకి తగిలిందంటే ఇక తిరగదు.

ఒక పరీక్ష చేయండి. ఐదు నింపి నాలుగే కాల్చండి. ఐదోది తీసి, పెట్టెలోని కొత్త రౌండ్ పక్కన బల్ల మీద నిలబెట్టండి. పొడవు పెరిగితే ఆ పెట్టె ఈ తుపాకీకి పనికిరానట్టే. ఒకప్పుడు నేను చవగ్గా వస్తున్నాయని రీలోడ్ చేసిన రౌండ్లు, అంటే వాడేసిన కేసుల్లో మళ్లీ మందు నింపినవి, తెలిసినాయన దగ్గర కొన్నాను. రేంజ్‌లో అరగంట బిగుసుకుపోయి, చివరికి రేంజ్ ఆఫీసర్ వచ్చి విడదీశాడు. ఆరోజు మిగిల్చిన డబ్బులు కాఫీకి కూడా రాలేదు.

బిగుసుకుంటే సుత్తితో కొట్టొద్దు, బలవంతంగా తిప్పొద్దు. తుపాకీ మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, ఆఫీసర్‌ని పిలవండి. ఇంకో ముఖ్యమైన విషయం. ఎప్పుడైనా "ఢాం" అనాల్సింది "టప్" అని మెల్లగా వినిపించి, కిక్ కూడా లేకపోతే, వెంటనే ఆపేయండి. తూటా బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేలిస్తే బారెల్ చీలొచ్చు.

30 రౌండ్ల తర్వాత మొరాయించడమంటే అది మందు, అంటే గన్‌పౌడర్ తునకల పని. ఖాళీ కేసులు తోసేటప్పుడు మూతి నేలవైపు పెడుతున్నారు కదూ? సగం కాలిన మందు రాలి, ఖాళీ కేసుల్ని బయటకి తోసే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కిందకి చేరుతుంది. అక్కడ చిటికెడు చాలు, సిలిండర్ మూసుకోదు. మూతి ఆకాశంవైపు పెట్టి, అరచేత్తో దాన్ని తోసే రాడ్ మీద ఒక్క గట్టి దెబ్బ. బ్యాగులో పాత టూత్‌బ్రష్ ఒకటి పడేసుకోండి.

ఆస్టిన్ ఆవకాయ:
అన్నా, మూతి నేలవైపే పెడుతున్నాను, కళ్లతో చూసినట్టు చెప్పారు! రౌండ్లు 165 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) డిఫెన్స్ రకం ఒక పెట్టె, ఎవరో రీలోడ్ చేసిన 240 గ్రెయిన్లవి ఒక పెట్టె. నిన్న బిగుసుకున్నది రెండోవాటితో. మరి కిందకి, ఎడమకి పోవడం?

పాత రేంజ్ పక్షి:
కుడిచేతివాటం అయితే తొంభై పాళ్లు అది భయం. పేలకముందే చెయ్యి బిగిసి మూతి కిందకి దిగుతుంది. నాకు పదేళ్ల అలవాటున్నా ఈ సైజు .44తో ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. స్నాప్ క్యాప్స్, అంటే ఉత్తుత్తి రౌండ్లు రెండు కొని, అసలువాటితో కలిపి చూడకుండా నింపి, సిలిండర్ తిప్పి మూయండి. ఉత్తిది వచ్చినప్పుడు మూతి ఎంత వణుకుతుందో మీకే కనిపిస్తుంది, కొంచెం సిగ్గేస్తుంది కూడా.

మిగతా పది పాళ్లు తూటా బరువు. ఈ చిన్నవాటికి సైట్లు, అంటే గురి చూసే గుర్తులు కదలవు. ఎక్కువగా బరువు తూటాలకి సరిపోయేట్టు అమర్చి ఉంటాయి. 165 గ్రెయిన్లది తేలిక, వేగంగా బారెల్ దాటిపోతుంది. కిక్‌కి మూతి లేచేలోపే వెళ్లిపోతుంది కాబట్టి కాస్త కిందే తగులుతుంది. 200 నుంచి 246 మధ్యవి వేసి చూడండి. 246 అనేది 1907లో స్మిత్ అండ్ వెస్సన్ ఈ క్యాలిబర్ తెచ్చిన కాలం నాటి బరువు, దాదాపు 16 గ్రాములు. మామూలు 9 ఎంఎం తూటా ఏడున్నర గ్రాములే. మీ అరచెయ్యి ఎందుకు మండుతోందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సాధనకి కౌబాయ్ లోడ్లని దొరుకుతాయి, 200 గ్రెయిన్ల సీసపువి, మెత్తగా ఉంటాయి. అయినా రౌండ్‌కి డాలర్ అటూఇటూ పడుతుంది. 1973లో చార్టర్ ఆర్మ్స్ కంపెనీ బుల్‌డాగ్ రివాల్వర్ తెచ్చినప్పటి నుంచి ఈ చవక .44ల కథ ఇంతే. తుపాకీ చవక, మేత ఖరీదు. ఇంకా శక్తి ఎక్కువున్న .44 మాగ్నమ్ వేద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. కేసు పొడవెక్కువ కాబట్టి పట్టదనుకోండి. స్పెషల్ పీడనం 15,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఎక్కడ, మాగ్నమ్‌ది 36,000 ఎక్కడ.

ఒక పూటకి 25 రౌండ్లు చాలు. ఆ తర్వాత నేర్చుకునేది భయమే.

డల్లాస్ పిన్ని:
ఇంట్లో పిల్లలున్నారా బాబూ? ఇలాంటి రివాల్వర్‌కి విడిగా సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ గట్టిగానే ఉంటుంది కానీ, హ్యామర్ వెనక్కి లాగితే చిన్నవేలికి కూడా పేలుతుంది. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి నింపిన తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు. బీరువాలో చీరల కింద దాచడం దాచడం కాదు. తాళం పెట్టె కొనండి. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి, సీసం అంటుకుని ఉంటుంది.

కొత్తగా వచ్చా:
బ్రదర్స్, నాది హెచ్1బీ. నేనూ ఒకటి కొనొచ్చా? ఫ్రెండ్స్ రేంజ్‌లో అద్దెకి తీసుకుంటున్నారు.

పాత రేంజ్ పక్షి:
తమ్ముడూ, ఆగు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. రేంజ్‌లో అద్దెకి చేతిలోకి తీసుకున్నా చేతిలో ఉన్నట్టే లెక్క. కొనేటప్పుడు 4473 ఫారంలో వీసా సంగతి అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే అదో నేరం. గ్రీన్‌కార్డు అవకాశం పోగొట్టుకునే పని ఇది. ముందు లాయర్‌ని అడుగు, ఫ్రెండ్స్‌ని కాదు.

ఇంకొకటి, అందరికీ. రేంజ్‌కి వాడే బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడొద్దు. అడుగున మర్చిపోయిన ఒక్క రౌండ్ అక్కడి ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపించినా ఆయుధ చట్టం కింద కేసు. "మర్చిపోయాను సార్" అనేది పోలీస్ స్టేషన్‌లో కాదు, కోర్టులో తేలే మాట. టికెట్ పోతుంది, సెలవులు పోతాయి.

ఆస్టిన్ ఆవకాయ:
వారం తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఆ రీలోడ్ పెట్టెతో పరీక్ష చేశాను. ఈసారి సిలిండర్ తిరిగింది కానీ, ఐదోది కొత్తదానికంటే గోటి మందం పొడవు పెరిగింది. పెట్టె పక్కన పెట్టేశాను. 200 గ్రెయిన్ల కౌబాయ్‌వి 25 కాల్చాను, మూతి పైకెత్తి ఖాళీ చేశాను, ఎక్కడా ఆగలేదు. గురి మధ్యకి రాలేదు కానీ దగ్గరికొచ్చింది. తాళం పెట్టె కూడా కొన్నాం పిన్నీ. ఒకే సందేహం. స్నాప్ క్యాప్స్ .44 మాగ్నమ్ అని రాసి ఉన్నవి తెచ్చాను, లోపలికి పూర్తిగా దిగడం లేదు.

పాత రేంజ్ పక్షి:
దిగవు, అవీ ఆ పొడవే. .44 స్పెషల్ అని రాసి ఉన్నవి అడుగు. నేనూ మొదట అవే కొన్నాను, ఇప్పటికీ డ్రాయర్‌లో పడి ఉన్నాయి.