420 కేసులో శిక్ష: సాక్ష్యం చాలదన్న కారణంతో అప్పీలు చేయవచ్చా?

ప్రశ్న:
మా అన్నయ్యకు ఈ నెల 6న మేజిస్ట్రేటు కోర్టు ఐ.పి.సి. 420 (మోసం) కింద ఏడాది జైలు, 5,000 రూపాయల జరిమానా విధించింది. 2019లో ఇంటి స్థలానికి 4 లక్షలు బయానా తీసుకుని రిజిస్ట్రేషన్ చేయలేదన్నది ఆరోపణ. రసీదు మీది సంతకం తనది కాదని అన్నయ్య మొదటినుంచీ అంటున్నారు. చేతిరాత నిపుణుడు ఆయనదేనన్నారు. రసీదుపై సాక్షిగా ఉన్న పొరుగాయన క్రాస్‌లో (మా లాయరు ప్రశ్నించినప్పుడు) "డబ్బు ఇస్తుండగా నేను చూడలేదు" అన్న మాట తీర్పులో ఎక్కడా లేదు. అన్నయ్య బెయిలు మీదే ఉన్నారు. ఇప్పుడేం చేయాలి?

సమాధానం 1:
సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు; తీర్పు సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు. శిక్ష మూడేళ్లు మించలేదు, ముద్దాయి బెయిలు మీద ఉన్నారు కనుక, అప్పీలు వేసేందుకు వీలుగా శిక్ష నిలుపుదలకు ముందు అదే మేజిస్ట్రేటును అడగవచ్చు. అప్పీలులో సాక్ష్యాన్నంతా మళ్లీ తూకం వేస్తారు. ఆ తర్వాత హైకోర్టు రివిజన్‌లో (కింది కోర్టు తీర్పు పరిశీలనలో) అంత వెసులుబాటు ఉండదు కాబట్టి, చెప్పదలచిందంతా ఇక్కడే చెప్పాలి.

సమాధానం 2:
నిపుణుడి అభిప్రాయం ఒక్కదాని మీదే శిక్ష వేయడం క్షేమం కాదని 1977లో మగన్ బిహారీ లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ 1980లో మురారీ లాల్ కేసులో, దానికి తోడు సాక్ష్యం ఉండి తీరాలన్న నియమమేమీ లేదని, నిపుణుడు చూపిన కారణాలు నమ్మదగినవైతే చాలని కూడా అదే కోర్టు అంది. కనుక నివేదికలోని కారణాలనే పరీక్షించండి: 2019 నాటి సంతకాలతో పోల్చారా, కేసు పెట్టాక తీసుకున్న నమూనాలతోనా?

డబ్బు తీసుకున్ననాడే మోసగించే ఉద్దేశం ఉండాలని 2000 నాటి హృదయ రంజన్ ప్రసాద్ వర్మ తీర్పు చెబుతోంది. అయితే "సంతకం నాది కాదు" అంటూనే "ఉద్దేశం లేదు" అంటే రెండూ ఒకదానినొకటి దెబ్బతీస్తాయి. రెండోదాన్ని "ఒకవేళ తీసుకున్నాడనే అనుకున్నా" అనే ప్రత్యామ్నాయ వాదంగానే రాయించండి. చాలా అప్పీళ్లు ఈ జాగ్రత్త లేకనే పలచబడతాయని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
నివేదిక ఇప్పుడే తిరగేశాను. పోల్చినవన్నీ 2021లో పోలీసు స్టేషనులో తెల్లకాగితాలపై పెట్టించిన సంతకాలే. 2019 నాటి బ్యాంకు పత్రం ఒక్కటీ లేదు. రేపు నివేదికను, పొరుగాయన క్రాస్ కాపీని లాయరు గారికి అందజేస్తాను.