ఏడో తరగతిల ఎవలతోటి కలవని పిల్లలు: 8 వారాల ప్రయోగం ఎట్ల పెట్టాలె?

పరకాల పంతులమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఎం.ఎడ్. డిసర్టేషన్ కోసం సాంఘిక నైపుణ్యాల మీద చిన్న ప్రయోగం అనుకుంటున్న. జిల్లా పరిషత్ హైస్కూల్, ఏడో తరగతి, రెండు సెక్షన్లు, ఒక్కోదాంట్ల 34 మంది. ఇంటర్వెల్ల, మధ్యాహ్న భోజనం కాడ ఐదుగురు పిల్లలు ఎవలతోటి కలుస్తలేరు. ముగ్గురు గోడకు ఆనుకొని చూస్తుంటరు. ఇద్దరు ఆటల జొరబడుడే ఆలస్యం, లొల్లైతది.

నా ప్లాన్: ఏ సెక్షన్ ప్రయోగ సమూహం, బి సెక్షన్ నియంత్రిత సమూహం. ఈ ఐదుగురిని ఒక జట్టు చేసి వారానికి రెండు పీరియడ్లు, 8 వారాలు. ముందు, తర్వాత ఒక విదేశీ స్కేల్ (నైపుణ్యాలకు మార్కులేసే ప్రశ్నావళి) తెలుగు చేసి పెడ్త. డ్యూర్లాక్ 2011 పేపర్ల ఇట్లాంటి శిక్షణతోటి 11 శాతం మార్కులు పెరిగినయని చదివిన, అందుకే మార్కులు గూడ పోల్చాలనుకుంటున్న. గైడ్ సార్ కాడికి పోకముందే తప్పులుంటే చెప్పుండ్రి.

కాజీపేట సైకాలజీ

మేడం, మొదలు ఆ ఐదుగురి జట్టును ఇడగొట్టుండ్రి. లొల్లి పెట్టుకునేటోళ్లను ఒక్క కాడ కూసోబెడితే ఒకరి మాటకు ఒకరు నవ్వుకుంట అదే పెంచుకుంటరు. డిషియన్, మెకార్డ్, పౌలిన్ 1999ల రాసిన పేపర్ల ఉన్నది గిదే: దారి తప్పుతున్న పిల్లలను గుంపుగ చేసి శిక్షణ ఇస్తే కొన్ని చోట్ల మేలుకన్న కీడే ఎక్కువైంది. ఒక్క పిల్లకు ఇద్దరు ముగ్గురు మంచిగ కలిసేటోళ్లను జత చేయుండ్రి. గోడకానుకునే పిల్లకు గూడ గిదే మేలు, ఎందుకంటే రేపు ఆమె ఆడాల్సింది ఆళ్లతోటే.

రెండోది, మీ ఐదుగురిది ఒక్కటే కత కాదు. గ్రెషమ్ చేసిన తేడా ఇక్కడ అక్కరకొస్తది: నైపుణ్యం రాకపోవుడు వేరు, వచ్చి గూడ చేయకపోవుడు వేరు. పరీక్ష అలకగనే ఉంటది. ఖాళీ గదిల ఇద్దరు పిల్లలతోటి ఆట పెట్టి, "నువ్వు ఇప్పుడు వీళ్ల ఆటల కలవాలె, ఎట్ల కలుస్తవో చేసి చూపెట్టు" అనుండ్రి. మంచిగ చేసిందంటే ఆమెకు వస్తది. గ్రౌండ్ల భయమో, అక్కడ చేస్తే ఫలితం రాకపోవుడో అడ్డం పడుతున్నది. ఆమెకు మళ్ల పాఠం చెప్పుడు దండగ. జత పిల్లలను కుదుర్చుండ్రి, చేసినప్పుడల్ల మెచ్చుకోలు ఉండాలె. చేయరాకపోతేనే మెట్టు మెట్టు నేర్పుడు.

ఏం నేర్పాలె అంటే, 8 వారాలకు పది నైపుణ్యాలు పెట్టుకోకుండ్రి. "నడుస్తున్న ఆటల కలుసుడు" ఒక్కటే నాలుగు వారాలు తింటది. పుటల్లాజ్, గాట్మన్ 1981ల చూసిందేందంటే, తోటోళ్లకు నచ్చని పిల్లలు ప్రశ్నలడుగుతరు, తమ గురించి చెప్పుకుంటరు, ఆడేటోళ్లను తప్పుపడతరు. దానితోటి ఆట ఆగుతది, అందరి చూపు ఆ పిల్ల మీదికి పోతది, ఎల్లగొడ్తరు. కలవనేర్చిన పిల్లలు ఆట ఎటు పోతున్నదో చూసి దానికి తగినట్టు మాట కలుపుతరు. చిర్రగోనెకు దీన్ని మెట్లుగ చేస్తే ఇట్లుంటది:

ఒక బారెడు దూరంల నిలబడి ఒకరు అవుటయ్యేదాక చూడాలె, నోరు తెరవొద్దు. ఆటను నడిపేటోడు ఎవడో గుర్తు పట్టాలె, ఎవడు పడితే వాన్ని అడుగుడు కాదు. చిర్ర దూరం పడ్డప్పుడు తెచ్చియ్యాలె. ఒకడు అవుటయి సందు దొరకంగనే "నేను ఇటు దిక్కు పట్టుకుంట" అని చిన్న మాట. "నన్ను ఆడిచ్చుకుంటరా?" అని అడగనియ్యకుండ్రి, దానికి "వద్దు" అనుడు మస్తు అలక. వద్దంటే మొకం మాడ్చకుండ ఇంకో గుంపు దిక్కు పోవాలె. ఈ ఆఖరి మెట్టు చానమంది ఇడిసిపెడ్తరు. అందరికీ నచ్చే పిల్లలను గూడ ఒక్కోసారి వద్దంటరు, అది ముందుగాల చెప్పకపోతే మొదటి "వద్దు"కే పిల్ల మళ్ల గోడ దిక్కు పోతది.

పీరియడ్ 40 నిమిషాలైతే: 5 నిమిషాలు మాట, 5 నిమిషాలు ఈడు పిల్ల చేసి చూపెట్టుడు (మొదలు తడబడి సర్దుకునే పిల్ల అయితే మేలు, ఎప్పుడు తప్పు చేయని లీడర్ వద్దు), 20 నిమిషాలు ప్రతి పిల్ల రెండేసి సార్లు పాత్రపోషణ, మిగిలింది రేపటి ఇంటర్వెల్ల ఏ ఆటల కలవాలెనో ఒప్పందం. "శెభాష్" అంటే సరిపోదు. "అవుటయ్యేదాక ఆగినవు, అది మంచిగున్నది" అని చేసిన పని పేరు పెట్టి చెప్పాలె. ఓడెన్, ఆషర్ 1977ల మూడు, నాలుగు తరగతుల పిల్లలతోటి చేసింది ఇట్లాంటిదే: చెప్పుడు, తోటి పిల్లతోటి ఆడనిచ్చుడు, ఆట అయినంక ఎట్ల పోయిందో మాట్లాడుడు. నేర్పకుండ ఉత్తగ జత చేసి ఆడిచ్చిన గుంపుకు అంత లాభం రాలేదు.

వరుసలు నిలువులు

రెండు విషయాలు.

ఆ 11 శాతం మార్కులు కాదండీ, పర్సంటైల్ స్థానం. వంద మందిని కింది నుంచి లెక్కిస్తే 50వ స్థానంలో ఉండే సగటు విద్యార్థి 61 దగ్గరికి వస్తాడని అర్థం. ఆ పేపర్ మొత్తం 213 కార్యక్రమాలను, 2,70,034 మంది విద్యార్థులను కలిపి చేసిన లెక్క, చదువు ఫలితాలు కొలిచినవి అందులో కొన్నే. ఐదుగురి మార్కుల్లో అది కనబడుతుందని ఆశపడకండి. మార్కుల పోలిక తీసేయడమే మంచిది. ఆ పేపర్లో మీకు పనికొచ్చేది వేరే ఉంది: వరుస క్రమంలో సాగి, పిల్లలతో చేయించి, నైపుణ్యానికే సమయం కేటాయించి, నేర్పేదేమిటో స్పష్టంగా చెప్పిన కార్యక్రమాలు మిగతా వాటికంటే బాగా పనిచేశాయి.

ఏ, బి సెక్షన్ల పోలిక కూడా నిలబడదు. తేడా వచ్చినా అది మీ శిక్షణదో, ఆ క్లాస్ టీచర్‌దో తేల్చలేరు. విడివిడి పిల్లల మీద బహుళ ఆధారరేఖ నమూనా పెట్టుకోండి (ఆధారరేఖ అంటే శిక్షణకు ముందు ఊరికే గమనించే రోజులు). ముగ్గురు చాలు. రోజూ ముగ్గురినీ గమనిస్తూ, మొదటి పిల్లకు 5 రోజుల తర్వాత, రెండో పిల్లకు 10 రోజుల తర్వాత, మూడో పిల్లకు 15 రోజుల తర్వాత శిక్షణ మొదలుపెట్టండి. గ్రాఫ్‌లో శిక్షణ మొదలైన పిల్ల గీత మాత్రమే లేచి, మిగతావి అట్లాగే ఉంటే అది మీ పని వల్లే అని చెప్పగలరు. ఒక్కో దశకు 5 పరిశీలనలకు తగ్గకూడదు. ముగ్గురూ ఒకే ఆట గుంపులో ఉండకూడదు, జత పిల్లలు కూడా వేరు వేరుగా ఉండాలి. లేకపోతే మొదటి పిల్ల కలవగానే రెండో పిల్ల గీత కూడా లేస్తుంది, నమూనా అక్కడికక్కడే పోతుంది.

గమనించడం: 10 నిమిషాల ఇంటర్వెల్లో 15 సెకన్లకోసారి ఒకరిని చూస్తే 40 చూపులు, ముగ్గురికీ తలా 13. చూసిన ఆ క్షణంలో ఏం చేస్తున్నారో అదే రాయాలి: ఒంటరి, చూస్తున్నది, కలిసింది, గొడవ. పిల్లల ఆటను రకాలుగా విడగొట్టిన పార్టెన్ 1932 వర్గాలను మొత్తంగా ఎత్తి పెట్టకండి, అవి నర్సరీ ఈడు చిన్నపిల్లలను చూసి చేసినవి. పన్నెండేళ్ల వాళ్లలో "పక్కపక్కన ఎవరి ఆట వాళ్లది" అరుదు. వారానికోసారి ఇంకో టీచర్ పక్కన నిలబడి విడిగా రాయాలి. ఇద్దరికీ 90 శాతం కలిసిందని సంబరపడొద్దు. ఒక పిల్ల 90 శాతం చూపుల్లో ఒంటరే అని ఇద్దరూ రాస్తే, కళ్లు మూసుకుని రాసినా 82 శాతం కలుస్తుంది (0.9×0.9 + 0.1×0.1). అప్పుడు కప్పా విలువ (అనుకోకుండా కలిసేది తీసేసి చూసే ఒప్పందం) 0.44 మాత్రమే. కప్పా రాయండి, ఉత్త శాతం రాయకండి.

బి.ఎడ్. కాలేజీ లెక్చరర్

స్కేల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. విదేశీ స్కేళ్లకు కాపీరైట్ ఉంటుంది, అనువాదానికి రాతపూర్వక అనుమతి కావాలి. అది వచ్చినా కొన్ని అంశాలు మన దగ్గర తలకిందులవుతాయి. "పెద్దవాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడుతుంది" అన్నదానికి మన ఊళ్లలో మర్యాద తెలిసిన పిల్లకే సున్నా పడుతుంది. మాటిమాటికీ థాంక్స్ చెప్పే అలవాటూ మన ఇళ్లలో తక్కువే. ఒకరు తెలుగు చేసి, అసలు చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషు చేసి, తేడా వచ్చిన అంశాలు సరిదిద్ది, వేరే బడిలో ముందుగా పెట్టి చూడాలి. డిసర్టేషన్ గడువులో ఇదంతా కాదు.

దానికి బదులు సాంఘికమితి (క్లాసులో ఎవరంటే ఎవరికి ఇష్టమో పిల్లలనే అడిగి కొలవడం) వాడండి. తారలు, ఏకాకులు అని బి.ఎడ్.లో చదివిందే. అయితే "ఎవరితో ఆడవు?" అని పేర్లు రాయించే ప్రశ్న పిల్లల మధ్య పుల్లలు పెడుతుందని హెడ్మాస్టర్లు ఒప్పుకోరు, వాళ్ల భయంలో న్యాయం ఉంది. క్లాసు పిల్లల పేర్లన్నీ ముద్రించిన కాగితం ఇచ్చి, ఒక్కో పేరు ఎదుట "ఈమెతో ఆడటం ఎంత ఇష్టం" అని 1 నుంచి 5 దాకా గుర్తు పెట్టించండి. ఎవరి పేరునూ మరిచిపోవడం ఉండదు, ఎవరినీ వేలెత్తి చూపడం ఉండదు. ఏడో తరగతిలో మగపిల్లలు ఆడపిల్లలకు, ఆడపిల్లలు మగపిల్లలకు తక్కువే వేస్తారు కాబట్టి సగటు విడివిడిగా తీయండి. ఇంటర్వెల్‌కు ముందు పీరియడ్లో పెట్టకండి, బయటికి పోగానే "నాకెంత వేసినవ్?" మొదలవుతుంది. పొద్దున పెట్టి, కాగితాలు తీసుకుని, వెంటనే ఒక బొమ్మ గీయించండి. కాగితం మీద రాసేవాళ్ల పేరు బదులు కోడ్ ఉండాలి.

తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఏడేళ్లు దాటిన పిల్లలకు అది ఉంది.

పరకాల పంతులమ్మ

మార్కులు, బి సెక్షన్ పోలిక, స్కేల్ మూడూ తీసేస్తున్న. ఇంకొక్కటి: శిక్షణ పీరియడ్ల బయట, మామూలు క్లాసుల గూడ ఏమన్న పెట్టొచ్చా? జిగ్‌సా (పాఠాన్ని ముక్కలు చేసి పిల్లలే ఒకరికొకరు చెప్పుకునే పద్ధతి) గురించి విన్న.

కాజీపేట సైకాలజీ

పెట్టొచ్చు, గని ఆధారరేఖ దినాలల్ల వద్దు. పెడితే ముగ్గురి గీతలు ఒక్కసారే కదులుతయి. ముగ్గురి శిక్షణ అయినంక పెట్టుండ్రి.

ఆరన్సన్ 1971ల టెక్సస్ ఆస్టిన్ బడులల్ల మొదలు పెట్టిండు. మీ 34 మందిని ఆరు గుంపులు చేయుండ్రి: నాలుగింట్ల ఆరుగురు, రెండింట్ల ఐదుగురు. సోషల్ల కాకతీయుల పాఠం మంచిగ కుదురుతది, ఐదు ముక్కలు: రాజుల వరుస, రుద్రమదేవి, చెరువులు, నాయంకర విధానం, మోటుపల్లి వర్తకం. ఆరుగురున్న గుంపుల ఒక ముక్కకు ఇద్దరు. ఒకే ముక్క వచ్చినోళ్లంత ముందు ఒక్క కాడ కూసొని 15 నిమిషాలు చదివి, ఎట్ల చెప్పాలెనో అనుకోవాలె. ఆ తర్వాత సొంత గుంపులకు పోయి ఒక్కొక్కరు 4 నిమిషాలు చెప్తరు. చదువుడు రాని పిల్లకు ముక్క ముందురోజే ఇయ్యుండ్రి, లేకపోతే అందరి ముందల ఆగిపోయి ఉన్న పరువు పోతది. గోడకానుకునే పిల్లకు వేరే ఎక్కడ దొరకని ముక్క ఇయ్యాలె. పుస్తకం అందరి చేతుల ఉంటే ఎవలకు ఎవలతోటి పని లేదు, జిగ్‌సా అక్కడ్నే సచ్చిపోతది.

వరుసలు నిలువులు

క్యాలెండర్ చూసుకోండి. దసరా సెలవుల తర్వాత మొదలుపెడితే పత్తి ఏరడం మధ్యలో వస్తుంది, పిల్లలు రోజు విడిచి రోజు వస్తారు. మేడారం జాతర ఏడాదైతే ఆ వారం మొత్తం పోతుంది. జులై మొదటి వారంలో ఆధారరేఖ మొదలుపెడితే బతుకమ్మ సెలవుల లోపు ముగ్గురిదీ పూర్తవుతుంది. వాన పడ్డ రోజు ఇంటర్వెల్ వరండాలో నడుస్తుంది, అందరూ ఒక్కచోటే ఉండటంతో "కలిసింది" చూపులు ఊరికే పెరుగుతాయి. ఆ రోజులకు షీట్ మీద "వాన" అని రాసి, గ్రాఫ్‌లో వేరే గుర్తు పెట్టండి.